రిటైర్‌మెంట్ ముందు మాస్టారి ప్రశ్న: తిరగండి, కొత్త పని పెట్టండి, ఆ 20 లక్షలు మాత్రం ఆపండి

కొత్తగా చదివేవాళ్ళ కోసం ముందు ప్రశ్న చెప్తాను. అడిగినాయన కరీంనగర్ జిల్లాలో గవర్నమెంటు స్కూలు మాస్టారు. 59 నిండాయి, 61కి రిటైర్‌మెంట్. పిల్లలిద్దరూ బయట ఉన్నారు. భార్యకి మోకాళ్ళ నొప్పులు, ప్రయాణమంటే ఇష్టం లేదు. ఈయనకేమో దేశమంతా తిరగాలని ఉంది. రిటైర్‌మెంట్ డబ్బులో 20 లక్షలు పెట్టి, స్నేహితుడితో కలిసి అరకు దగ్గర స్థలం లీజుకు తీసుకుని హోమ్‌స్టే నడపాలనీ ఉంది. "ఈ వయసులో ఇంత రిస్క్ అవసరమా అని ఇంటాబయటా అంటున్నారు, మీరేమంటారు?" అని అడిగారు.

మాస్టారూ, తిరగండి. రిటైరయ్యేదాకా ఆగకుండా వచ్చే నెలే మొదలుపెట్టండి. కొత్త పని కూడా పెట్టుకోండి. అరకులో లీజుకు మాత్రం అడ్వాన్సు ఇవ్వకండి. ఇచ్చేసి ఉంటే రేపే ఒక వకీలు దగ్గరికి వెళ్ళండి.

ఎందుకంటే అరకు షెడ్యూల్డ్ ఏరియా, అంటే గిరిజనుల భూమికి ప్రత్యేక రక్షణ ఉన్న ప్రాంతం. 1959 నాటి భూబదలాయింపు రెగ్యులేషన్‌ని 1970లో సవరించారు. ఆ ఏడాది వచ్చిన మొదటి రెగ్యులేషన్ కాబట్టి దాన్ని జనం 1/70 అంటారు. దాని ప్రకారం అక్కడి భూమి గిరిజనేతరుల చేతికి వెళ్ళకూడదు. అమ్మకం ఒక్కటే కాదు, లీజు, తాకట్టు, బహుమతి కూడా బదలాయింపు కిందకే వస్తాయి. "కాయితం గిరిజనుడి పేరు మీదే ఉంటుంది, నడిపేది మనమే" అని మీ స్నేహితుడు అంటున్నారేమో. అది రిస్క్ అనిపించుకోదు. గొడవ వచ్చినరోజు మీ చేతిలో చూపించడానికి కాయితమే ఉండదు. మీ వైపు ఏటూరునాగారం ఏజెన్సీలో అయినా ఇదే చట్టం.

ఇక అసలు విషయం. నేను చెప్పేదానికి అర్హత ఏమిటంటే, నాది రాజమండ్రి. 1984లో టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేరాను. హెడ్‌సెట్ పెట్టుకుని, ట్రంకు బోర్డు ముందు కూర్చుని, అర్జెంటు కాల్, లైట్నింగ్ కాల్ అంటూ ఊళ్ళు కలిపేవాళ్ళం. ఆ ఉద్యోగానికి చావు లేదనుకున్నాం. ఎస్టీడీ వచ్చింది, బోర్డు తీసేశారు. కౌంటరులోకి వెళ్ళమన్నారు. కంప్యూటర్ బిల్లింగ్ వచ్చినప్పుడు నాకు 36. నాకంటే పన్నెండేళ్ళు చిన్నవాడి పక్కన స్టూలు వేసుకుని కూర్చుని నేర్చుకున్నాను. బీఎస్ఎన్ఎల్‌లో వీఆర్ఎస్ (ముందుగానే రిటైరయ్యే అవకాశం) ఇచ్చినప్పుడు 2020 జనవరి 31న వేలమందితో పాటు నేనూ బయటికొచ్చాను. మార్చి నెలాఖరుకి కాశీకి టిక్కెట్లు తీసుకున్నాను. తర్వాత ఏమైందో మీకు తెలుసు, దేశమంతా తాళం పడింది.

ఆ లాక్‌డౌన్‌లో కాలనీ రోడ్లు ఖాళీగా ఉంటే ఎదురింటి ఇంటర్ కుర్రాడి దగ్గర స్కూటీ నేర్చుకున్నాను. రెండుసార్లు పడ్డాను. మొదటిసారి పడ్డప్పుడు మేడల మీద నుంచి చూసేవాళ్ళు ఎక్కువ, వచ్చి లేపేవాళ్ళు తక్కువ. మోచెయ్యి చెక్కుకుపోయిన నొప్పి రెండురోజుల్లో పోయింది. ఆ చూపులు మాత్రం వారం రోజులు గుచ్చుకున్నాయి. నా లెక్కలు మారింది అప్పుడే.

మన వయసులో రిస్క్ అంటే అందరూ డబ్బో, ఆరోగ్యమో అనుకుంటారు. మూడోది ఒకటుంది, నామోషీ. నేను చూసినంతలో మనవాళ్ళు ఈ మూడోదానికే ఎక్కువ భయపడతారు. హోదాలో రిటైరైన పెద్దమనిషి షేర్ ఆటో ఎక్కడు. టిక్కెట్ బుక్ చెయ్యడం ఎలాగో మనవణ్ణి అడగడు. ఈత నేర్చుకోడు. అదే మనిషి బావమరిది అడిగితే కాదనడం నామోషీ అని పది లక్షలు తీసి ఇచ్చేస్తాడు. చవగ్గా దొరికే రిస్క్ వదిలేసి ఖరీదైనది కొనుక్కోవడమంటే ఇదే.

నేనూ కొనుక్కున్నాను లెండి. 2020 చివర్లో దగ్గర బంధువులు కర్రీ పాయింట్ పెడుతూ పార్టనర్‌గా రమ్మన్నారు. నాకు వంట వచ్చు, వాళ్ళకి సెంటర్‌లో షాపు ఉంది, ఇంకేం కావాలి అనుకున్నాను. నాలుగు లక్షలు పెట్టాను. పదకొండు నెలలు నడిచింది. 2021లో వంటనూనె ధర మండిపోయింది. సాయంత్రం మిగిలిన కూరలు ఏం చెయ్యాలో తెలియలేదు. వంటమనిషి చెప్పకుండా మానేస్తే నేను తెల్లవారుజామున నాలుగింటికి వెళ్ళి ముప్ఫై మందికి సరిపడా పప్పు వండాను. ఇంట్లో నలుగురికి వండే చేతికి ముప్ఫై మందికి ఉప్పు తెలియదని ఆరోజే అర్థమైంది. మూడు లక్షల ఎనభై వేలు పోయాయి. బంధుత్వం పోలేదు, అది నా అదృష్టం.

నా తప్పు డబ్బు పెట్టడం ఒక్కటే కాదు. కర్రీ పాయింట్‌లో ఒక్కరోజు కూడా పనిచేయకుండా దానికి యజమానినైపోయాను. ఏ పనిలో డబ్బు పెట్టాలనుకుంటే ముందు ఆ పనిలో రెండు నెలలు కూలికి చెయ్యండి. మీకు హోమ్‌స్టే మీద అంత ఇష్టముంటే ఎండాకాలం సెలవుల్లో ఎవరిదైనా హోమ్‌స్టేకి వెళ్ళి, అతిథిగా కాకుండా పనిమనిషిగా చేరండి. దుప్పట్లు ఉతకండి, రాత్రి పదకొండింటికి వేడినీళ్ళు రావట్లేదని అరిచేవాళ్ళకి సమాధానం చెప్పండి. ఇన్నేళ్ళుగా మిమ్మల్ని చూసి జనం లేచి నిలబడి ఉంటారు. అక్కడ మీరు లేచి నిలబడాలి. అది పడుతుందో లేదో 20 లక్షలు పెట్టకుండానే తెలిసిపోతుంది.

నేను రెండోసారి ఆ పద్ధతే పాటించాను. యాత్రలు తిప్పే ఒక బస్సాయన దగ్గర రెండు ట్రిప్పులు జీతం లేకుండా హెల్పర్‌గా వెళ్ళాను. వడ్డించడం, తలకాయలు లెక్కపెట్టడం, మందులు వేసుకున్నారా అని అడగడం. ఎక్స్ఛేంజిలో సూపర్‌వైజరుగా చేసినావిడ విస్తళ్ళు తీస్తోందని ఒకావిడ మా ఊరంతా చెప్పింది. చెప్పనీ. ఇవాళ యాభై అయిదు దాటిన ఆడవాళ్ళని ఆరుగురేసి, ఎనిమిదిమందేసి రైల్లో తీసుకెళ్తున్నాను, ఏడాదికి మూడుసార్లు. ఖర్చు పోను మనిషికి పదిహేను వందలు తీసుకుంటాను. దాంతో మేడలు కట్టలేను, నా ప్రయాణం మాత్రం నాకు ఉచితం. పెట్టుబడి ఒక నోటుపుస్తకం, ఒక ఫోను.

డబ్బు దగ్గర నా మాట కొంచెం పాతకాలపు మాటే. ముందు నేల గట్టిగా ఉండాలి, గెంతడం తర్వాత. సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీములో 2023 నుంచి పరిమితి 30 లక్షలు. ఆ ఏప్రిల్‌లో వడ్డీ 8.2 శాతం అయింది. ఆ రేటుకి 30 లక్షల మీద మూడు నెలలకొకసారి 61,500 వస్తుంది. రేటుని ప్రభుత్వం మూడు నెలలకోసారి చూస్తుంది గానీ, మనం వేసినరోజు ఉన్న రేటే అయిదేళ్ళూ నడుస్తుంది. మీకు పాత పెన్షన్ ఉందో, సీపీఎస్సో (జీతంలోంచి కోత పోయి, చివర్లో ఖాయమైన పెన్షన్ ఉండని పద్ధతి) రాయలేదు. సీపీఎస్ అయితే ఈ పేరా రెండుసార్లు చదవండి. నెల ఖర్చు, మందులు, ఆవిడకి అవసరమైతే మోకాలి ఆపరేషన్, ఇవన్నీ పక్కన పెట్టాక మిగిలినదాంట్లోంచి, మొత్తం పోయినా రాత్రి నిద్రపట్టేంత తీసుకోండి. నాకది లక్షన్నర. మీకెంతో మీకే తెలియాలి.

హెల్త్ ఇన్సూరెన్సు సొంతంగా తీసుకునే ఆలోచన ఉంటే ఇప్పుడే తీసుకోండి. ముందునుంచీ ఉన్న జబ్బులకి కంపెనీలు మూడేళ్ళ వరకు వెయిటింగ్ పెట్టొచ్చు. ఇవాళ తీసుకుంటే మీ రిటైర్‌మెంట్ నాటికి రెండేళ్ళు గడిచిపోయి ఉంటుంది. 70 దాటినవాళ్ళకి ఆదాయంతో సంబంధం లేకుండా ఆయుష్మాన్ భారత్ కింద 5 లక్షల వరకు వైద్యం 2024లో వచ్చింది, కానీ దానికి మీకింకా పదేళ్ళుంది.

ఇప్పుడు తిరగడం గురించి. "కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒకటే" అనేవాళ్ళు మన పెద్దలు. ఆ మాట నిజమైన రోజుల్లోనే ఏనుగుల వీరాస్వామయ్యగారు మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ (ఒక భాషలో మాట ఇంకో భాషలో చెప్పే) పని చేస్తూ, యాభై ఏళ్ళ వయసులో, 1830 మే నెలలో కాశీకి బయల్దేరారు. పల్లకీ, బోయీలు, వందమంది పరివారం. మళ్ళీ ఇల్లు చేరింది 1831 సెప్టెంబరులో. దారిలో ఏ ఊళ్ళో ఏం దొరుకుతుంది, నీళ్ళెలా ఉన్నాయి, దొంగల భయముందా అని స్నేహితుడికి రాస్తూ వెళ్ళారు. నాకు ఆయనలో నచ్చేది భక్తి కాదు, ఆ జాబితా మనస్తత్వం. బయల్దేరే ధైర్యం ఎంతుందో, ఉప్పూ పప్పూ ఎక్కడ దొరుకుతాయన్న పట్టింపూ అంతే ఉంది.

మన కాలంలో చూస్తే కొచ్చిలో టీకొట్టు నడిపిన విజయన్, మోహన దంపతులు. 2007 నుంచి మొదలుపెట్టి 26 దేశాలు చూశారు. చివరిది రష్యా, 2021లో. వచ్చిన కొద్దివారాలకే, నవంబరులో ఆయన పోయారు. వాళ్ళు అప్పుచేసి వెళ్ళి, తిరిగొచ్చి టీ అమ్మి తీర్చేవాళ్ళు. అందరూ వాళ్ళని ఉదాహరణగా చెప్తారు గానీ, కొట్టు మూయలేదన్న సంగతి చెప్పరు. నడిచే కొట్టు ఉన్నవాడు అప్పు తీర్చగలడు. రిటైరైనవాడు యాత్రకి అప్పు చేయకూడదనే నేనంటాను.

ఎక్కడికి ముందు వెళ్ళాలంటే, ఎత్తైన చోట్లు ముందు, సముద్రతీరాలు తర్వాత. రామేశ్వరం 75లో కూడా వెళ్ళొచ్చు. కేదార్‌నాథ్ అలా కాదు. 11,700 అడుగుల పైన, గౌరీకుండ్ నుంచి దాదాపు 16 కిలోమీటర్ల ఎక్కుడు. అమర్‌నాథ్ యాత్రకి 70 దాటితే రానివ్వరు. ప్రభుత్వం నడిపే కైలాస మానససరోవర యాత్రకీ 70 దాటకూడదు, పైగా బీఎంఐ (ఎత్తుకి తగ్గ బరువు లెక్క) 25 మించకూడదు. మీకు తలుపు ఇంకో పదేళ్ళు తెరిచి ఉంటుంది, మోకాళ్ళు ఎన్నాళ్ళుంటాయో చెప్పలేం. 2022లో కేదార్‌నాథ్‌కి మాతో వచ్చిన ఒకావిడకి గౌరీకుండ్‌లోనే ఆయాసం మొదలైంది. ఇంతదూరం వచ్చి దర్శనం లేకుండా ఎలా అని ఏడ్చింది. నేను ఆవిడతోపాటు అక్కడే ఆగిపోయాను, మిగతా అయిదుగురూ వెళ్ళొచ్చారు. నేను కేదారనాథుణ్ణి ఇప్పటికీ చూడలేదు. వెనక్కి తిరగడం కూడా ప్రయాణంలో భాగమేనని ఆరోజు ఆవిడకి చెప్పాను, నాకూ చెప్పుకున్నాను. నిజం చెప్పొద్దూ, కాస్త కష్టంగానే అనిపించింది.

శరీరం సిద్ధంగా ఉందో లేదో తెలియడానికి నేను పెట్టే పరీక్ష ఒకటే. ఏడు కిలోల సంచి మీరే భుజాన వేసుకుని రైల్వే స్టేషన్లో ఫుట్‌ఓవర్ బ్రిడ్జి ఎక్కి అవతలి ప్లాట్‌ఫాం మీద దిగాలి, మధ్యలో ఆగకుండా. ఆగితే రోజూ నడవడం పెంచి, నెలయ్యాక మళ్ళీ ఎక్కి చూడండి. గుండెకి సంబంధించి ఏమైనా ఉంటే పరీక్ష డాక్టరు దగ్గరే, నా దగ్గర కాదు.

రైలు టిక్కెట్ల దగ్గర చాలామంది చేసే పొరపాటు ఒకటి. లోయర్ బెర్త్ కోటా 60 దాటిన మగవాళ్ళకి, 45 దాటిన ఆడవాళ్ళకి ఉంది. అయితే ఒక టిక్కెట్ మీద ఒక్కరో ఇద్దరో ఉంటేనే అది వర్తిస్తుంది. ఆరుగురు కలిసి వెళ్తున్నాం కదా అని ఒకే టిక్కెట్ తీస్తే ఎవరికి ఏ బెర్త్ వస్తుందో తెలీదు. నేను ఇద్దరిద్దరికి విడివిడిగా తీస్తాను. చార్జీలో రాయితీ 2020 మార్చిలో ఆపేశారు, అది లెక్కలో వేసుకోకండి. రిజర్వేషన్ ఇప్పుడు అరవై రోజుల ముందే తెరుస్తారు.

ఇంకో సంగతి, నాకు జరిగింది. 2021 నవంబరులో మొదటిసారి ఒంటరిగా కాశీ బయల్దేరాను. మొగల్‌సరాయి స్టేషన్లో, ఇప్పుడు దీన్ దయాళ్ ఉపాధ్యాయ జంక్షన్ అంటున్నారు, ఆటో మాట్లాడుకుంటూ చూస్తే చేతిలో ఫోను లేదు. టిక్కెట్లు, డబ్బులు, బస అడ్రసు, మా వారి నంబరు, అన్నీ అందులోనే. ఒకప్పుడు నాలుగొందల నంబర్లు కంఠతా వచ్చిన మనిషిని, సొంత మొగుడి నంబరు గుర్తురాక ప్లాట్‌ఫాం మీద కూర్చున్నాను. టీ అమ్మే అబ్బాయి ఫోను ఇచ్చాడు. మా ఇంటి పాత ల్యాండ్‌లైన్ నంబరు మాత్రం వేలికి అలవాటుగా వచ్చేసింది. మా వారు ఎత్తారు. అందుకే ఇప్పుడు మా బృందంలో ప్రతి ఒక్కరి జాకెట్టు లోపలి జేబులో ఒక కాయితం ఉంటుంది, నాలుగు నంబర్లు, వేసుకునే మందులు, వెయ్యి రూపాయలు. మీరు చొక్కా జేబులో పెట్టుకోండి.

"నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి కదా, అప్పుడు ఊళ్ళో ఉండాలి" అని కొందరంటారు. నాలాంటి కేంద్ర పెన్షనర్లకి ఫోనులో ముఖం చూపిస్తే జీవన్ ప్రమాణ్ అయిపోతోంది. 2023లో నేను అస్సీ ఘాట్ మెట్ల మీద కూర్చుని ఇచ్చాను. మీ రాష్ట్ర పెన్షన్‌కి ఏ పద్ధతో ట్రెజరీలో కనుక్కోండి.

ఇక మీ ఆవిడ గురించి. ప్రయాణం ఇష్టం లేదంటే బతిమాలి లాక్కెళ్ళకండి. వదిలేసి వెళ్ళిపోతున్నాననే బాధా పెట్టుకోకండి. మా వారికి బస్సెక్కితే వాంతులు, గోదావరి దాటడమే ఇష్టముండదు. నేను మొదటిసారి పదిరోజులు వెళ్ళినప్పుడు పక్కింటివాళ్ళు క్యారేజీ పంపారు. రెండోసారికి ఆయన యూట్యూబులో చూసి చారు పెట్టుకున్నారు. ఇప్పుడు 67 ఏళ్ళు, ఆవకాయ కూడా ఆయనే కలుపుతున్నారు, ఆవపిండి పాళ్ళ మీద నాతో వాదిస్తున్నారు. మా ఇద్దరిలో ఎక్కువ మారిందెవరంటే ఆయనే అంటాను, ఊరు కదలకుండానే. మీ ఇంట్లో లెక్క వేరుగా ఉండొచ్చు. ఆవిడకి నడవడం కష్టమైతే మీరు లేని రోజుల్లో తోడు ఎవరో ముందు చూడండి. ఆ ఏర్పాటు లేకుండా వెళ్తే మీ మనసు ఇంటి దగ్గరే ఉంటుంది.

పిల్లలు వద్దంటారు. దూరంగా ఉన్న పిల్లలకి మన గురించి భయం తప్ప చేయగలిగింది ఉండదు, అందుకని వద్దంటారు. వాదించకండి. రోజూ రాత్రి ఎనిమిదింటికి ఒక మెసేజ్ పెడతానని చెప్పి, తప్పకుండా పెట్టండి. మా అమ్మాయి మూడు ట్రిప్పులయ్యాక అడగడం మానేసింది.

మొదటి ప్రయాణం ఎక్కడికి? మీకు బంధువులున్న ఊరు వద్దు, ఇరవైమంది గ్రూపు టూరు వద్దు. నా సలహా నాందేడ్. నిజామాబాద్ వెళ్ళి రైలెక్కితే, బాసర దాటాక మహారాష్ట్రలోకి వెళ్తారు. అక్కడ పారేదీ మన గోదావరే, మాటే మారిపోతుంది. హుజూర్ సాహిబ్ గురుద్వారాలో ఎవరైనా ఉండొచ్చు, లంగర్‌లో, అంటే అక్కడి ఉచిత భోజనశాలలో, ఎవరైనా తినొచ్చు. శనివారం వెళ్ళి ఆదివారం రండి, ఒక్కరే. తిన్నాక లేచి వచ్చేయకుండా గిన్నెలు కడిగేచోటికి వెళ్ళి ఒక గంట నిలబడండి. అక్కడ మిమ్మల్ని ఎవరూ మాస్టారూ అనరు, పక్కన లాయరుంటాడో, లారీ డ్రైవరుంటాడో కూడా తెలీదు.

వచ్చాక ఇక్కడే రాయండి. ఊరెలా ఉందో తర్వాత, ముందు ఎన్ని పళ్ళాలు కడిగారో చెప్పండి. ఆ స్నేహితుడి లీజు కాయితం ఫోటో కూడా పెట్టండి, పేర్లూ సర్వే నంబరూ చెరిపేసి. ఇక్కడ రెవెన్యూలో పనిచేసి రిటైరైనవాళ్ళు ఇద్దరు ముగ్గురున్నారు, చూసి చెప్తారు.